గొంతు వెనక మగ్గం

"మా కోడలు ఓడ మీద చాపలు ఇసురుతది."

కట్టమ్మ ఈ మాట అన్నది శనివారం, పాల దుకాణం ముందు. ఆదివారం తెల్లారేసరికి ఆ చాప కొత్తవాడంతా పరుచుకుంది. తాతల నాటి నుంచి జంపఖానాలు నేసే వాడ అది. ఆ వాడ కోడలు, అందులోనూ నేవీలో లెఫ్టినెంటు, పోయి పోయి చాపలు విసరడమేమిటి? నేత ఇంటి నుంచి నేవీకి పోయిన పిల్ల చేతికి ఆఖరికి తుంగచాపా?

ఎదురింటి ఇమాం పాషా ఆగలేకపోయాడు. నూలుకు రంగులేయడం ఆయన పని. ఆవేశం వస్తే ఆయన ముఖానికీ రంగొస్తుంది. చాయ్ వేళకే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కట్టక్కా, గిది మన ఇజ్జత్ సవాల్. చాపలెందుకు? మనమే ఒక జంపఖాన నేసి పంపుదాం. ఓడంత పొడుగు! నీలం రంగు నాది. ఒక్క పైస అడగ."

"ఓడంత జంపఖాన యాడ పరుస్తరు తమ్మీ?"

"ఓడల్నే."

"పరుసుడు గాదయ్యా, ఇసురుడట."

"అదే అక్కా, నాకు సమజ్ అయితలేదు. మంచి మాల్ తీసుకపోయి సముద్రంల ఇసురుడేంది?"

లోపల మగ్గం దగ్గర పోగులు సరిచేస్తున్న భానుచందర్‌కు నవ్వాగలేదు. బయటికి వచ్చాడు. కట్టమ్మకు ఒక్కడే కొడుకు, అరుణకు ఒక్కడే మొగుడు, కొత్తవాడలో ఓడ గురించి మాట్లాడగల వాడూ ఒక్కడే.

"అవ్వా, చాప గాదే. చాఫ్."

"అదే గదరా. చాప."

"చాఫ్ అవ్వా! పెదవులు కలపకు, గాలి ఊదు. ఫ్!"

కట్టమ్మ ఊదింది. పొయ్యి మీద ఊదినట్టే ఊదింది. పాషా చేతిలోని చాయ్ మీద మీగడ పక్కకు తప్పుకుంది.

"ఇను మామా," అన్నాడు భాను. "శత్రువు దూరంకెళ్లి ఓడ మీదికి క్షిపణి ఇడిసిండనుకో. దాని ముక్కుల రాడార్ ఉంటది. అది ఓడను సక్కగ చూడదు. ఓడకు తాకి తిరిగొచ్చిన అలను చూస్తది, గంతే. అప్పుడు అరుణ వాళ్లు గొట్టాలకెళ్లి చిన్న రాకెట్లు ఇడుస్తరు. అవి గాలిల పగిలి, ఎంటికంత సన్న వెండి పోగులు మబ్బులెక్క లేస్తయ్. క్షిపణి ఆ మబ్బునే ఓడ అనుకుంటది. దాని మీద పడ్తది. ఓడ పక్కకెళ్లి జారుకుంటది. ఆ పోగులకే చాఫ్ అని పేరు."

"అంటే పోగులే!" పాషా ముఖం వెలిగింది. "అల్లా, ఆడ గూడ మన పనే. మరి రంగు?"

"దానికి రంగొద్దు మామా. నువ్వు మబ్బుకు గూడ రంగేసేటట్టున్నవ్."

చాప కాదు, చాఫ్. పరిచేది కాదు, ఎగరేసేది. శత్రంజీలన్నా దరీలన్నా జంపఖానాలే. శత్రంజీలు నేసే ఇంటి కోడలు శత్రువుకే పోగులు చూపించి బోల్తా కొట్టిస్తోంది. కట్టమ్మ అరుగు మీద నిలబడి ఈ సంగతి అటు నలుగురికీ ఇటు నలుగురికీ వినిపించింది. వాడ శాంతించింది.

శాంతి లేనిది భానుకే.

మొన్నటి సెలవుల్లో అరుణ వచ్చినప్పుడు అడిగిన ప్రశ్న అతన్ని ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఆమె ఓడ మీద ఆయుధాల విద్యుత్ వ్యవహారాలు చూసే అధికారి. ఈసారి ఓడ రేవుకు చేరగానే ఆమె తన ఇష్టం చెప్పాలి. ఒడ్డున శిక్షణాలయంలో పాఠాలు చెప్పడమా, ఇంకో రెండేళ్లు ఓడ మీదేనా? ఒడ్డా, ఓడా? తేడా అంతా ఒక దీర్ఘంలో, ఒక వత్తులో ఉంది గాని, ఆ వత్తు కిందే భాను కాపురమంతా వత్తుకుపోతోంది.

"చెప్పు భానూ. ఒడ్డుకు రమ్మంటవా, ఓడ మీదనే ఉండమంటవా?" అని అడిగిందామె, సంచి సర్దుకుంటూ.

రమ్మని అరవాలనిపించింది. అంత చదివి, అంత కష్టపడి ఎక్కిన ఓడను దిగమని ఏ నోటితో అనాలో తెలియలేదు. ఏమీ అనకుండా లేచి పక్క గదిలోకి పోయి మగ్గం మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. ఆమె బండెక్కింది.

అప్పటి నుంచి ఆదివారానికి ఒక గొంతు. "ఆదివారం ఒక్కసారి ఉపగ్రహం నుంచి జర నెట్ ఇస్తరు, వాయిస్ మెసేజ్ పెడ్త," అని చెప్పి పోయింది. "ఫోన్ మాత్రం చెయ్యకు. ఓడ సముద్రంల ఉన్నప్పుడు ఏ చిన్న సిగ్నల్ బయటికి పోయినా ఎక్కడున్నమో తెలుస్తది. నువ్వు ఫోన్ చేసినవంటే అందరికి ముప్పు," అని కూడా చెప్పింది. దేశ రక్షణ బాధ్యత తన బొటనవేలి మీద పడ్డట్టు, భాను ఆమె నంబరు మీద వేలు పెట్టనేలేదు. వాయిస్ మెసేజ్‌లు మాత్రం తనూ పెట్టాడు. బోలెడు పెట్టాడు. దరీలు నేసేవాడికి దరి చేరని భార్య ఉంటే ఎన్ని మాటలు పుడతాయో అన్నీ పెట్టాడు. పోయిన ఆదివారం కళ్లు మూసుకుని ఆ ఒక్క మాటా వదిలేశాడు: "అరుణా, వచ్చెయ్."

రెండు నీలి టిక్కులు పడ్డాయి. అంటే విన్నది. ఇవాళ జవాబు రావాలి.

చాయ్ గ్లాసులు ఖాళీ అవుతుండగా ఫోన్ టింగుమంది. కట్టమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని అమ్మవారి ముందు కూర్చున్నట్టు కూర్చుంది. పాషా టోపీ సర్దుకున్నాడు. భాను స్పీకర్ పెట్టాడు.

"అత్తమ్మా, బాగున్నరా? బీపీ గోలీలు ఏసుకుంటున్నరా?"

"ఏసుకున్న బిడ్డా, ఇప్పుడే ఏసుకున్న," అంది కట్టమ్మ ఫోన్‌తో.

"ఇక్కడ అంత మంచిగనే ఉంది. తిండి మంచిగ పెడుతున్నరు. మీ చేతి పచ్చిపులుసు ఒక్కటే లేదు. భానూ, టైముకు తిను. పొద్దంత మగ్గం మీదనే కూసోకు. ఉంట మరి."

అంతే. వచ్చెయ్ అన్నవాడికి టైముకు తిను అని జవాబు.

"మాషల్లా, గొంతు ఎంత సాఫ్‌గ ఉంది!" అన్నాడు పాషా. "సముద్రం నడుమకెళ్లి! మా బిడ్డ సుమేరా హనుమకొండకెళ్లి ఫోన్ చేస్తే గింత సాఫ్‌గ ఇనవడదు."

భాను ఫోన్ పట్టుకుని మగ్గం గదిలోకి పోయాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నాడు. మాటల మధ్య ఏదైనా ఉందేమో, ఊపిరిలో ఏదైనా దాగిందేమో అని మళ్లీ విన్నాడు. ఆ ఓడను అతడు చూడలేదు, అసలు సముద్రాన్నే చూడలేదు. కానీ ఆమె సెలవుల్లో నేల మీద నూలు కండెలు పేర్చి చెప్పిన పాఠం మొత్తం వచ్చు. చాలా దూరాన ఉన్నదాన్ని కొట్టడానికి క్షిపణులు. అది తప్పించుకుని దగ్గరికొస్తే ముందువైపున్న పెద్ద ఫిరంగి. మరీ మీదికొస్తే నిమిషానికి వేల గుండ్లు కక్కే చిన్న తుపాకులు. అన్నీ తప్పితే చాఫ్. ఇతరులు మరదళ్ల పేర్లూ బావమరుదుల పేర్లూ గుర్తుపెట్టుకున్నట్టు అతడు ఇవన్నీ గుర్తుపెట్టుకున్నాడు. తన భార్యను చుట్టుకుని కాపలా కాస్తున్న వాళ్ల మీద కొంచెం ప్రేమ, కొంచెం అసూయ.

మూడోసారి వింటుంటే గొంతు వెనక ఏదో వినబడింది.

దడ్. దడ్. ద...

బయట ఎవరో నేస్తున్నారనుకుని ఇయర్‌ఫోన్లు తీశాడు. వాడంతా నిశ్శబ్దం. మళ్లీ పెట్టుకున్నాడు.

దడ్. దడ్. ద...

పేకపోగును దగ్గరికి కొట్టే ఇనుప దువ్వెనను పంజా అంటారు. కొత్తవాడలో ఏ సందులో నడిచినా లోపలి మనిషిని చూడనక్కర్లేదు, పంజా దెబ్బ వింటే చాలు, ఎవరింట్లో ఎవరు నేస్తున్నారో చెప్పేస్తారు. ఒకరిది వాన జల్లు, ఒకరిది గుర్రం నడక. చిన్నప్పుడు బొటనవేలు నలిగిన భానుది రెండు నిండు దెబ్బలు, ఒక సగం దెబ్బ. అట్లా కొట్టే చెయ్యి వాడలో ఇంకొకటి లేదు. సముద్రంలో అసలే లేదు.

నమ్మలేక పంజా చేతిలోకి తీసుకున్నాడు. చెవిలో వినబడే దెబ్బతో పాటు తనూ కొట్టాడు. చెవిలో దడ్, చేతిలో దడ్. సగం దెబ్బ దగ్గర సగం దెబ్బ. "భానూ, టైముకు తిను" అన్నచోట చెవిలోని పంజా ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం అతనికి గుర్తుంది. ఆ రోజు కోపంగా కొడుతుంటే పోగు తెగింది. ముడేసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఏ రోజు? జవాబు చెప్పలేక వచ్చి ఇక్కడ కూర్చున్న రోజు. గోడకు ఇటు పక్క అతడు. అటు పక్క, సంచి సర్దుకుంటోందని అనుకున్న అరుణ.

సముద్రం నడుమ నుంచి వచ్చిందనుకున్న గొంతు గోడ అవతలి నుంచి వచ్చింది.

కండెలతో చెప్పిన పాఠంలో చివరి ముక్క ఒకటుంది. "నీళ్ల లోపలికెళ్లి వచ్చేదాన్ని టార్పెడో అంటరు," అని ఒక కండెను నేల మీద దొర్లించింది అరుణ. "దానికి కండ్లు లేవు, చెవులే. ఓడ చప్పుడు పట్టుకొని వస్తది. అందుకే మేం ఓడ వెనక, చాన దూరంల, తీగకు ఒక యంత్రం కట్టి గుంజుతం. అది మా ఓడ చప్పుడే చేస్తది, మాకన్న గట్టిగ. టార్పెడో దాని దిక్కు పోతది."

"మరి ఓడ?"

"ఓడ నోరు మూసుకొని దాని తొవ్వ అది పోతది."

ఇన్ని ఆదివారాలుగా భాను ఆ తోక వెంట ఈదుతున్నాడు. ఓడ ఎటు పోయిందో!

మొదటిసారిగా అతడు ఆమె నంబరు మీద వేలు పెట్టాడు. దేశానికి క్షమాపణ చెప్పుకుంటూనే నొక్కాడు.

మోగింది. చెవిలో మోగింది. చెవి బయట కూడా మోగింది. అరుణ ఫోన్‌కు పెట్టుకున్న ఆ నాదస్వరం ముక్క, కిటికీలోంచి, సందు దాటి, ఎదురింటి పెరట్లోంచి వస్తోంది.

అరుగు మీద పాషా తల తిప్పాడు. "మా ఇంట్ల పెండ్లి ఎవరిదిరా?"

భాను ఒక్క దూకులో సందు దాటాడు.

పాషా పెరడంతా తీగల మీద తడి నూలు చిలపలు. నీలం చుక్కలు కారుతున్నాయి. రంగు కాగు పక్కన సుమేరా మోచేతుల దాకా నీలం రంగులో మునిగి ఉంది. హనుమకొండలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఆదివారం సెలవు గనక నాన్న కాగు దగ్గర నిలబడుతుంది. అరుణతో ఇంజనీరింగ్ దాకా కలిసి చదివిన స్నేహితురాలు. గోడ గూట్లో మోగుతున్న ఫోన్‌ను రంగు చేతులతో పట్టలేక, మోగనివ్వలేక, మోచేత్తో నోరు మూయించబోతోంది. నీలి టిక్కుల దొంగ నీలి చేతులతోనే దొరికింది.

"సుమేరా!"

"అన్నా... సైలెంట్ల పెట్టుడు మర్సిపోయిన," అంది. తప్పు చేశానని కాదు, ఫోన్ సైలెంట్‌లో పెట్టలేదని.

"ఆమె ఫోన్ నీ దగ్గరెందుకుంది?"

"ఓడల ఫోన్ ఉండనియ్యరు అన్నా. ఒడ్డున్నే ఇడిసిపోవాలె. స్టేషన్ల నా చేతిల పెట్టింది. మెసేజ్‌లన్ని రికార్డ్ చేసి పెట్టింది, ఆదివారానికొకటి పంపుమన్నది."

"మరి నా మెసేజ్‌లు?"

సుమేరా కాగులోకి చూసింది. కాగులో నీలం తప్ప ఏమీ లేదు.

"నువ్వు... ఇన్నవా?"

"అల్లా కసం, మొదటి రెండే ఇన్న. గా ఎన్నెల ముచ్చట వచ్చినంక ఇనలే. నీలి టిక్కు పడకుంటే నువ్వు పరేషాన్ అయితవని, ఫోన్ బియ్యం డబ్బల పెట్టి మూత పెట్టి ప్లే చేసిన. బియ్యమే ఇన్నయ్ అన్నా, నేనినలే."

మామూలు రోజైతే భాను సిగ్గుతో ఆ కాగులోనే మునిగేవాడు. ఇవాళ సిగ్గుకు చోటు లేదు.

"పోయిన ఆదివారంది? వచ్చెయ్ అన్నది?"

"అది గూడ బియ్యం డబ్బల్నే."

"అంటే ఆమెకు అందలే."

"ఎట్లందుతది అన్నా? ఆమె ఉన్న కాడికి మాట పంపే తొవ్వ నాకెక్కడిది?"

రంగునీళ్లు టపటపా కారుతున్నాయి. ఓడ రేవుకు ఎప్పుడు చేరుతుందో ఎవరికీ తెలియదు. చేరగానే ఆమెను అడుగుతారు. ఆమె చెవిలో భాను మాట లేకుండానే ఆమె జవాబు చెప్పేస్తుంది. మగ్గం దగ్గరికి లేచిపోయిన మొగుడి వీపు చూసి, దాన్నే జవాబనుకుని చెప్పేస్తుంది.

"ఇంకొకటున్నది," అంది సుమేరా. "అది ఆదివారం లెక్కలది గాదు. నువ్వు కనుక్కుంటేనే ఇయ్యమన్నది. కనుక్కోకుంటే తుడిచెయ్యమన్నది."

ఆమె చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుకుతుంటే భాను ఆగలేక ఫోన్ అందుకుని ఆమె ముందు పట్టాడు. ఆమె నీలం వేలితోనే నొక్కింది.

"భానూ, ఇది ఇంటున్నవంటే దొరికిపోయిన్నన్నట్టు. ఎట్ల దొరికిన్నో గూడ తెలుసు. తలుపేసిన, కిటికేసిన, దుప్పటి కప్పుకొని మాట్లాడిన. అయినా నీ పంజా ఇనవడుతనే ఉంది. ఆపుమని చెప్దామని లేచిన. చెప్తే నువ్వు లోపలికొస్తవ్. నువ్వొస్తే నేను ఏడుస్త. అందుకే ఉండనిచ్చిన. పోయినసారి నా గొంతు ఇనవడక అత్తమ్మ తిండి మానేసింది గద, అందుకని చేసిన గీ పని. తిట్టుకోకు."

కొంచెం సేపు పంజా ఒక్కటే వినబడింది.

"ఒక ముచ్చట చెప్పాల్నని ఎప్పటికెళ్లో అనుకుంటున్న. ఓడ రేవుకొచ్చినప్పుడు జెట్టీ మీద అందరి ఇండ్లోళ్లు నిలవడి ఉంటరు. పిల్లలను భుజాల మీద ఎక్కించుకొని చేతులూపుతరు. మేం తెల్ల బట్టలేసుకొని ఓడ అంచుకు వరుసల నిలవడ్తం. తల తిప్పద్దు. కండ్లు తిప్పచ్చు. నేను ప్రతిసారి తిప్పుత. నువ్వుండవని తెలుసు. అయినా అటు చివరికెళ్లి ఇటు చివరి దాక తిప్పుత. రమ్మంటవా అని నేనడిగిన. నువ్వు లేచి మగ్గం కాడికి పోయినవ్. కోపం రాలే భానూ. నీకేం కావాల్నో నాకు తెల్వలే, గంతే. నాకేం కావాల్నో నేను గూడ నీకు చెప్పలే. నాకు జెట్టీ మీద ఒక మనిషి కావాలె."

ఆగిపోయింది. సుమేరా నీలం మోచేత్తో కళ్లు తుడుచుకుంది. కనురెప్పకు కాటుక బదులు నీలం అంటుకుంది.

ఇన్నాళ్లు భాను ఒక్కడే ఎదురుచూస్తున్నాననుకున్నాడు. ఎదురుచూడడం ఒడ్డు వాళ్ల హక్కనుకున్నాడు. నీళ్ల మీద నిలబడి, తల కదపకుండా, కళ్లతో తనను వెతుకుతున్న మనిషి ఒకరున్నారని ఒక్క ఆదివారమైనా తోచలేదు.

ఇంటికి వచ్చేసరికి అరుగు నిండిపోయింది. ఎదురింట్లో నాదస్వరం మోగిందంటే కొత్తవాడ కూర్చోదు. భాను దాచాలనుకోలేదు. సుమేరాను పక్కన నిలబెట్టుకుని మొత్తం చెప్పాడు. ఆదివారం గొంతు ఓడ నుంచి రావడం లేదని, సెలవుల్లోనే రికార్డయిందని, ఫోన్ ఎదురింటి గూట్లో ఉందని, అరుణ ఇంటివాళ్ల దిగులును తన మీది నుంచి తప్పించడానికి గొంతునే పోగులు పోగులుగా ఎగరేసిందని.

కట్టమ్మ ఒక్కసారి భగ్గుమంది.

"అంటే గోలీలు ఏసుకున్నరా అంటే ఏసుకున్న బిడ్డా అని నేను వారం వారం ఎవలికి చెప్పినట్టురా? ఎదురింటి గూటికా?"

"పెద్దమ్మా, నేను ఇన్న," అంది సుమేరా మెల్లగా. "నువ్వు గట్టిగ అంటవు గద, మా పెరట్లకు ఇనవడ్తది."

"నువ్వుండు పిల్లా. నీ సంగతి తర్వాత చెప్త." కట్టమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఆ పిల్ల ఓడ దిగినప్పుడల్ల అందరికి అందరుంటె దానికెవలు లేరా? నువ్వొక్కసారన్న ఎందుకు పోలేరా?"

"నిన్నిడిసి ఎట్ల పోతనే? నీకు బీపీ. మగ్గం మీద ఆర్డర్లు. పోయిన ఏడంత..."

"నా బీపీ ఈ మధ్యన వచ్చింది. లగ్గమై నాలుగేండ్లాయె."

పాషా దగ్గాడు. అరుగు మీద ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

"చెప్పు. ఎందుకు పోలే?"

భాను పంజా పట్టే చేతిని లాల్చీకి తుడుచుకున్నాడు. ఆ చేతికి ఏమీ అంటలేదు.

"ఆడ అందరు ఆఫీసర్ల పెండ్లాలుంటరే," అన్నాడు. "మంచి చీరలు కట్టుకొని. ఆఫీసరు మొగుడంటే ఏడ నిలవడాలె? మీరేం చేస్తరు అని అడిగితే జంపఖానలు నేస్త అని చెప్పాలె. నాకేం సిగ్గు లేదే. కాని నేను చెప్పినప్పుడు ఆమె ముఖం ఎట్లుంటదో చూడాల్నంటే భయమైంది. ఆమె ముఖం ఎన్నడు మారలే. మారుతదేమో అని నేనే భయపడ్డ."

అక్కడున్న ప్రతి మగ్గం మనిషికీ ఆ భయం ఏ వైపు నుంచి వస్తుందో తెలుసు.

కట్టమ్మ గొంతు దిగింది. "గట్లనా? మరి అవ్వకు బీపీ, అవ్వకు బీపీ అని నన్నెందుకు ఎగరేసినవ్‌రా? నీ భయం దొరకద్దని నన్ను చాప చేసినవ్."

"చాఫ్," అన్నాడు పాషా, గాలి ఊదుతూ.

"ఏదో ఒకటి తమ్మీ. పరిచినా, ఇసిరినా, నడుమల పడ్డది నేనే." ఆమె కొడుకు చెంప మీద చెయ్యి వేసింది. "నాకేం గాదు. పాషా ఉన్నడు, గీ దొంగ సుమేరా ఉన్నది. మగ్గం ఎక్కడికి ఉరకదు. గోదావరి బండెక్కి విశాఖకు పో. ఓడ ఎన్నడొస్తదో తెల్వకపోతే ఆడనే కూసో. గీడ కూసుండి ఎదురు చూసేటోనివి, ఆడ కూసుండి చూస్తే కాళ్లరుగుతయా?"

"టికెట్ నేను చూస్త," అంది సుమేరా. చూడబోయి, నీలం వేళ్లు చూసుకుని, ఆ పని భానుకే వదిలేసింది.

అదే క్షణంలో భాను చేతిలో అతని సొంత ఫోన్ మోగింది. పేరు లేదు. ముందు విశాఖ కోడ్ ఉన్న ల్యాండ్‌లైన్ నంబరు.

అతని వేలు ఆత్రంగా పచ్చగుర్తు మీద పడింది, దాని పక్కన స్పీకర్ మీదా పడింది.

"భానూ?"

గొంతు సాఫ్‌గా లేదు. గాలి. ఎవరివో కేకలు. ఎక్కడో ఇనుము ఇనుముకు తగిలిన మోత. ఇన్ని వారాలుగా ఎంత శుభ్రంగా వినబడిందో ఇప్పుడంత చెల్లాచెదురుగా వినబడింది. కట్టమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ గొంతు నిజమైనదని అక్కడెవరికీ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"భానూ, ఇను, ఎక్కువ సేపు మాట్లాడరాదు..."

"ముందు నేను చెప్త," అన్నాడు భాను. వాడంతా చూస్తోందన్న సంగతి అతనికి తెలుసు. ఈసారి లేచిపోవడానికి పక్క గది లేదు. "సెలవులప్పుడు నువ్వడిగినదానికి. నేను వచ్చెయ్ అని మెసేజ్ పెట్టిన. అది నీకందలే. మంచిగైంది. అది నా మాట గాదు, నా బెంగ మాట. అరుణా, నువ్వు ఓడనే అను. నీ ఓడ, నీ తుపాకులు, నీ పోగులు ఏవీ ఇడువకు. ఒడ్డు మీద నేనుంట. ఇయ్యాల బండెక్కుతున్న."

అవతల గాలి హోరుమంది.

"భానూ... నేను స్పీకర్ల ఉన్ననా?"

"ఉన్నవ్."

"అందరున్నరా?"

"అందరున్నరు."

"తియ్యి."

భాను స్పీకర్ తీసి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. కొత్తవాడ మొత్తం అతని ముఖంలోకి వంగింది. ఆ ముఖం మొదట వెలిగింది. తరువాత మెల్లగా, రంగు దిగిన నూలులా తెల్లబడింది. అతని చెయ్యి గాలిలో పంజా కోసం వెతికినట్టు వెతికి, పాషా భుజాన్ని పట్టుకుంది.

"ఒడ్డా ఓడా అని అప్పుడే అడిగిండ్లా?" అన్నాడు. "నా మాట ఇనకముందే చెప్పేసినవా?"

కట్టమ్మ కొడుకు మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అరుణా... ఏమని చెప్పినవ్?"